తీగ ఒక్కటే చాలా, తొడుగు కూడా కావాలా?

పళ్ల వరుస సరిచేసే క్లిప్పులు తీసిన రోజున పళ్లు అద్దంలో ఎంత తీరుగా కనిపించినా, లోపల అవి ఇంకా కుదురుకోలేదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో ఐదో వంతు మందాన నారల పొర ఒకటి ఉంటుంది. అది తిరిగి అమరడానికి మూడు, నాలుగు నెలలు పడుతుంది. చిగుళ్లలోని కొల్లాజెన్ నారలకు ఆరు నెలల దాకా కావాలి. పంటి మెడ చుట్టూ ఉండే సాగే నారలకు ఏడాది కూడా సరిపోకపోవచ్చు. మెలితిరిగి ఉన్న పన్నును సరిచేస్తే, అంతకాలమూ ఆ నారలు దాన్ని పాత దిక్కుకే లాగుతుంటాయి. అందుకే కొందరు డాక్టర్లు చిగురులో చిన్న కోత పెట్టి వాటిని తెంచుతారు.

అయితే ఏడాది గడిస్తే గండం గడిచినట్టు కాదు. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్, ఆయన సహచరులు 1981లో ఒక పరిశీలనను ప్రచురించారు. కోరపళ్ల వెనక పళ్లు తీయించి వరుస సరిచేయించుకున్నవారిని, రిటైనర్లు (క్లిప్పులు తీశాక పళ్లను అదే వరుసలో పట్టి ఉంచే తీగ, పలక, తొడుగు లాంటివి) మానేసి పదేళ్లు దాటాక చూస్తే, దాదాపు మూడింట రెండు వంతుల మందిలో కింది ముందు పళ్లు మళ్లీ ఇరుకున పడ్డాయి. ఎవరికి చెదురుతాయో, ఎవరికి నిలుస్తాయో ముందుగా చెప్పే గుర్తులేవీ దొరకలేదు. అసలు వైద్యమే చేయించుకోనివారికి కూడా వయసుతో పాటు కింది పళ్లు ఇరుకవుతాయి. జ్ఞాన దంతాలు తోయడం వల్లే ఇలా జరుగుతుందని చాలామంది నమ్ముతారు గానీ, ఆ పళ్లు లేనివారిలోనూ ఇదే కనిపిస్తుంది. కాబట్టి వరుస ఎన్నాళ్లు నిలవాలనుకుంటామో అన్నాళ్లూ ఏదో ఒక రిటైనర్ ఉండాల్సిందే.

అన్నిటికంటే మంచి రిటైనర్ ఏది అని అడిగితే పరిశోధనలు కచ్చితమైన జవాబు ఇవ్వలేకపోయాయి. నా దృష్టిలో ఆ ప్రశ్నే సరైనది కాదు. వైద్యానికి ముందు మీ పళ్లు ఎలా ఉండేవి, ఇప్పుడు ఎటు జరగాలని చూస్తున్నాయి అన్నది అడగాలి. ముందు పళ్ల మధ్య పెద్ద సందును మూసి ఉంటే, అది మళ్లీ తెరుచుకోకుండా లోపలి వైపు అతికించే సన్నని తీగ బాగా పనికొస్తుంది. చిగుళ్ల జబ్బుతో ఎముక తగ్గినవారికీ తీగే అండ. పై దవడను వెడల్పు చేసి ఉంటే మాత్రం ముందు పళ్ల వెనక తీగ ఆ వెడల్పును కాపాడలేదు. అక్కడ అంగిలికి ఆనుకునే గట్టి అక్రిలిక్ పలక కావాలి. అమెరికన్ దంతవైద్యుడు ఛార్లెస్ హాలీ పేరుతో నూరేళ్లుగా వాడుకలో ఉన్న ఈ పలక దవడ పళ్ల నమిలే తలాన్ని కప్పదు. దాంతో పై పళ్లూ కింది పళ్లూ మెల్లగా ఒకదానికొకటి కుదురుకుంటాయి. పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు ముందు పళ్లను గట్టిగా పట్టుకుంటుంది, బయటికి పెద్దగా కనిపించదు. కానీ ఆ కుదురుబాటుకు అంతగా చోటివ్వదు. చివరి పళ్లను కప్పకుండా వదిలేస్తే అవి పైకి పెరిగి, కొరికినప్పుడు పై, కింది ముందు పళ్లు కలవకుండా కాటు తెరుచుకునే ప్రమాదమూ ఉంది.

ఇక రెండూ కలిపి వాడటం. తీగకు ఉన్న గొప్పగుణం మన మతిమరుపుతో దానికి పనిలేకపోవడం. పెట్టుకోవడం, తీయడం లేదు కదా. దాని బలహీనత కూడా అక్కడే ఉంది. ఒక పంటి దగ్గర జిగురు ఊడినా తీగ మిగతా పళ్లను పట్టుకుని అలాగే ఉంటుంది. నోటిలో తేడా తెలియదు, ఊడిన పన్ను మాత్రం కదిలిపోతుంది. కొందరిలో ఎక్కడా ఊడకుండానే, తీగలో మిగిలిన మెలి వల్ల ఒక పంటి వేరు ముందుకూ మరొకటి వెనక్కూ తిరుగుతుంది. ఇది అరుదే అయినా, చాలా ఆలస్యంగా బయటపడుతుంది. అందుకే కింద తీగ ఉన్నా, దాని మీదుగా రాత్రిళ్లు ప్లాస్టిక్ తొడుగు పెట్టుకోమనే డాక్టర్ల సలహాను నేను గట్టిగా సమర్థిస్తాను. తీగ ఊడితే, బాగుచేయించేదాకా తొడుగు పళ్లను ఆపుతుంది. పన్ను కాస్త జరిగినా తొడుగు బిగుతైపోయి, విషయం ముందే తెలుస్తుంది. ఈ తొడుగుకు అచ్చు తీసేది తీగ అతికించిన తర్వాతే. తీగను తిరిగి అతికించినప్పుడు జిగురు ముద్ద లావైతే పాత తొడుగు ఎక్కదు.

తీగ కింద గార త్వరగా పేరుకుంటుంది. పళ్ల సందుల్లోకి దూరే సన్నని బ్రష్షుతో రోజూ శుభ్రం చేయాలి. తొడుగు వేడినీళ్లలో వంకర పోతుంది, చల్లటి నీళ్లతోనే కడగాలి. అది నోట్లో ఉండగా తీపి పానీయాలు తాగితే చక్కెర పంటికి అంటుకుని నిలిచిపోయి పళ్లు పుచ్చుతాయి.

కొన్నాళ్లు మానేసి మళ్లీ పెట్టుకున్న తొడుగు బిగుతుగా ఉన్నా చివరిదాకా ఎక్కుతుంటే, ఆ రాత్రి నుంచే క్రమం తప్పకుండా వాడటం మొదలుపెట్టాలి. సగంలోనే ఆగిపోతే బలవంతంగా నొక్కకుండా, అదే వారంలో డాక్టరుకు చూపించాలి.