స్కానర్ మౌనం అర్థంకాని స్పీకర్లు

విమానాలు, ఓడల లాంటి రేడియో సంభాషణలను వినిపించే రేడియో స్కానర్ రోజంతా పనిచేస్తుంది కానీ మాట్లాడేది తక్కువ. ఛానళ్లన్నీ ఒక్కొక్కటే తడుముకుంటూ పోయి, ఎక్కడ సిగ్నల్ తగిలితే అక్కడ ఆగి వినిపిస్తుంది. సిగ్నల్ లేనప్పుడు వచ్చే బుస్సుమనే రొదను స్క్వెల్చ్ అనే సర్క్యూట్ నొక్కేస్తుంది. అందుకే అది చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా ఉండి, ఉన్నట్టుండి రెండు సెకన్ల మాట వినిపించి మళ్లీ ఊరుకుంటుంది. వైర్‌లెస్ స్పీకర్లేమో పాటల కోసం పుట్టినవి. పాట ఆగకుండా సాగుతుంది, నాలుగు సెకన్లు లేటుగా మొదలైనా కొంపలేం మునగవు. స్కానర్‌ను ఇలాంటి స్పీకర్లకు కలిపినప్పుడు వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ తేడానే.

అసలు కలపడం ఎందుకంటే, స్కానర్‌కు నచ్చే చోటు వేరు, మనం మసిలే చోటు వేరు. విమానాల మాటలు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య, ఓడల మాటలు 156 మెగాహెర్ట్జ్ నుంచి పైన నడుస్తాయి. ఈ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే బాగా అందుతాయి కాబట్టి యాంటెన్నా ఎత్తున, కిటికీ పక్కన ఉండాలి. చవకరకం ఛార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు చేసే విద్యుత్ రొదకు దూరంగానూ ఉండాలి. యాంటెన్నా కేబుల్‌ను వంటగది దాకా లాగితే సిగ్నల్ దారిలోనే కొంత కరిగిపోతుంది. స్కానర్‌ను అక్కడే ఉంచి, శబ్దాన్ని మాత్రం మన దగ్గరికి రప్పించుకోవడం తెలివైన పని.

అన్నిటికన్నా తేలిక దారి బ్లూటూత్. స్కానర్ హెడ్‌ఫోన్ సాకెట్‌కు చిన్న ట్రాన్స్‌మిటర్ తగిలిస్తే చాలు. ఆలస్యం సుమారు 0.2 సెకను, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. గోడలు అడ్డొస్తే 10 మీటర్లు దాటడం కష్టం, అది వేరే సంగతి. అసలు తంటా నిద్రతో వస్తుంది. కాసేపు శబ్దం లేకపోతే చాలా స్పీకర్లు కరెంటు ఆదా కోసం యాంప్లిఫయర్‌ను ఆపేస్తాయి. మాట రాగానే తేరుకుంటాయి కానీ ఈలోపు మొదటి ముక్క పోతుంది. రేడియో సంభాషణలో ఆ మొదటి ముక్కే ముఖ్యం. కంట్రోల్ టవర్ ఏ విమానాన్ని పిలుస్తోందో ముందు చెప్పి, తర్వాతే ఆదేశం ఇస్తుంది. దిగడానికి అనుమతి ఇచ్చారని మనకు తెలుస్తుంది, ఎవరికిచ్చారో తెలియదు! కొందరు కంప్యూటర్ ద్వారా చెవికి ఆననంత సన్నని రొదను ఎప్పుడూ కలిపి పంపుతారు. నిశ్శబ్దం కాదనుకుని స్పీకర్ మేలుకునే ఉంటుంది.

ఇల్లంతా వినిపించాలంటే వైఫై కావాలి. స్కానర్ శబ్దాన్ని చిన్న కంప్యూటర్‌కిచ్చి, శబ్దాన్ని నెట్‌వర్క్‌లో పంచిపెట్టే ఐస్‌కాస్ట్ లాంటి సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ3 స్ట్రీమ్‌గా మార్చితే వైఫై స్పీకర్లు దాన్ని ఇంటర్నెట్ రేడియోలా వాయిస్తాయి. ఇక్కడ ఒక వింత ఉంది. మాటలే కదా అని డేటా వేగాన్ని తగ్గిస్తే ఆలస్యం పెరుగుతుంది. ఎందుకంటే కొత్త స్పీకర్ చేరగానే, పాట వెంటనే మొదలవ్వాలని ఐస్‌కాస్ట్ అప్పటికే దాచిపెట్టిన 64 కిలోబైట్లను ఒకేసారి ఇస్తుంది. సెకనుకు 128 కిలోబిట్ల స్ట్రీమ్‌లో అది 4 సెకన్ల శబ్దం (ఒక బైటుకు 8 బిట్లు). 32 కిలోబిట్లకు దించితే అదే డేటా 16 సెకన్ల శబ్దమవుతుంది. అంటే అంత పాత మాట వింటామన్నమాట. రన్‌వే వైపు వచ్చే విమానం సెకనుకు 70 మీటర్ల వేగంతో ఉంటే, 16 సెకన్లలో కిలోమీటరు పైనే వస్తుంది. అనుమతి మాట మన చెవిన పడేసరికి చక్రాలు నేలను తాకేసి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో బరస్ట్ సైజును, అంటే అలా ఒకేసారి ఇచ్చే డేటాను తగ్గిస్తే చాలావరకు దారికొస్తుంది. స్పీకర్ సొంత బఫర్, అంటే వాయించే ముందు అది తనలో దాచుకునే శబ్దం మాత్రం మన చేతిలో లేదు.

మౌనం ఇక్కడా ఇబ్బందే. స్కానర్ ఊరుకుంది కదా అని కంప్యూటర్ డేటా పంపడం మానేస్తే, మామూలు సెట్టింగ్‌లో 10 సెకన్లకు ఐస్‌కాస్ట్ ఆ లైన్‌ను తెంపేస్తుంది. కాబట్టి నిశ్శబ్దాన్ని కూడా శబ్దంలాగే నిరంతరం పంపుతూ ఉండాలి.

రెండు మూడు గదుల్లో ఒకేసారి వింటే ఇంకో సమస్య. ప్రతి స్పీకర్‌లోనూ శబ్దం వాయించే వేగాన్ని నిర్ణయించే ఒక క్వార్ట్జ్ గడియారం ఉంటుంది, ఏ రెండూ కచ్చితంగా ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా ఉందనుకుందాం, గంటకు 180 మిల్లీసెకన్ల ఎడం వస్తుంది. 30 మిల్లీసెకన్ల లోపు తేడాను చెవి ఒకే శబ్దంగా కలిపేసుకుంటుంది, అది దాటుతూ పోతే ప్రతిధ్వని మొదలవుతుంది. రేడియో మాట అసలే 300 నుంచి 3000 హెర్ట్జ్ మధ్య ఇరుక్కున్న ఇరుకు గొంతు, ప్రతిధ్వని తోడైతే హల్లులు కలిసిపోయి ఏమన్నారో అర్థంకాదు. స్నాప్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రతి శబ్దపు ముక్క మీదా సమయం ముద్ర వేసి పంపుతుంది. ఏ స్పీకర్ ముందుకో వెనక్కో జరిగినా, వినిపించనంత చిన్న ముక్కలు కలిపి లేదా తీసేసి సరిచేస్తుంది. దానికి కంప్యూటర్లతో కాస్త ఓపిక కావాలి.

ఇంత తతంగం లేని పాత దారి కూడా ఉంది, నా ఓటు దానికే. చిన్న ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌ను స్కానర్‌కు తగిలించి, గదుల్లో మామూలు ఎఫ్‌ఎం రేడియోలు పెట్టుకోవడం. బఫర్ లేదు, నిద్ర లేదు, గడియారాల గొడవ అసలే లేదు. అన్ని రేడియోలూ ఒకే క్షణంలో మాట్లాడతాయి. మాట లేనప్పుడు కూడా ట్రాన్స్‌మిటర్ తరంగాన్ని పంపుతూనే ఉంటుంది కాబట్టి రేడియోల్లో రొదా ఉండదు. అయితే ఎంత పవర్ దాకా లైసెన్సు అక్కర్లేదో దేశాన్ని బట్టి మారుతుంది, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. స్కానర్‌తో ఏ ఛానళ్లు వినొచ్చన్న దానికీ వేర్వేరు చట్టాలున్నాయి. విన్నదాన్ని ఇంటి బయటికి ప్రసారం చేస్తే మరిన్ని నిబంధనలు అడ్డురావచ్చు. అందుకని ఐస్‌కాస్ట్ పెట్టుకున్నవాళ్లు ఆ సర్వర్‌కు ఇంటర్నెట్ నుంచి దారి తెరవకుండా, ఇంటి వైఫై వరకే ఉంచుకోవడం మంచిది.