బంతి ఎందుకు పడలేదు?

చేత్తో గీసే యానిమేషన్ నేర్చుకునేవాళ్ల చేత మొదట గీయించేది ఎగిరిపడే బంతిని. సున్నా చుట్టడం రానిదెవరికి? అయినా తొలిసారి గీసిన బంతి కింద పడదు, దారం కట్టి దించినట్టు దిగుతుంది. గీతల్లో లోపం ఉండదు. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండటమే లోపం.

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. చేతి నుంచి జారిన వస్తువు మొదటి ఫ్రేములో దాదాపు 0.85 సెంటీమీటరే పడుతుంది. తర్వాతి ఫ్రేముల్లో దానికి 3 రెట్లు, 5 రెట్లు, 7 రెట్లు... గెలీలియో పట్టుకున్న బేసి సంఖ్యల వరుస ఇది. పన్నెండో ఫ్రేముకి వచ్చేసరికి ఆ ఒక్కదానిలోనే 19 సెంటీమీటర్లు దాటేస్తుంది. అందుకే బంతి పైకెగిరి ఆగే చోట బొమ్మలు ఒకదానిమీద ఒకటి ఒత్తుగా పడాలి, నేలకు దగ్గరయ్యేకొద్దీ పలచబడాలి. గాలి బుడగైనా ఇనుప గుండైనా కాగితం మీద అదే సున్నా. బరువు ఎడంలోంచే వస్తుంది.

మనిషి దగ్గరికొస్తే పని ముదురుతుంది. కీళ్లు తిరుగుతాయి కాబట్టి చేతివేళ్లు వంపు దారిలోనే కదులుతాయి. ఊగే చేతికి రెండు కొసల బొమ్మలు గీసి, వేళ్లను వాటికి సరిగ్గా నడిమధ్యన సూటిగా పెడితే చెయ్యి పొట్టిదైపోతుంది! నడకలో తల కూడా తిన్నగా సాగదు. రెండు కాళ్లూ చాచి నేలమీదున్నప్పుడు కిందికి దిగుతుంది, ఒక కాలు రెండోదాన్ని దాటేటప్పుడు పైకి లేస్తుంది. ఇది మరిస్తే మనిషి చక్రాల మీద దొర్లినట్టుంటాడు.

బొమ్మ గీయడం రాని ప్రేక్షకుడు కూడా ఈ తేడా చటుక్కున పట్టేస్తాడు. 1973లో స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ యోహాన్సన్ మనుషుల కీళ్ల దగ్గర మాత్రమే వెలుగు చుక్కలు కనిపించేలా చిత్రీకరించాడు. కదలకుంటే అవి ఉత్త చుక్కలు. కదిలితే మాత్రం, నడుస్తున్న మనిషి! చిత్రమేమిటంటే, ఇంత చురుకైన కన్నుకి తాను చూసింది విడమరిచి చెప్పడం రాదు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ముందుకీ వెనక్కీ చాచి గాల్లో తేలుతుందని చిత్రకారులు ఏళ్ల తరబడి గీశారు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 12 కెమెరాలు వరుసగా పెట్టి ఫొటోలు తీస్తే, నాలుగూ నేలను వదిలేది కాళ్లు పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడని తేలింది.

అలాగైతే నిజం మనుషుల్ని ఫిల్ము తీసి, దాని మీదే గీతలు దిద్దుకుంటే పోలేదా? అమెరికా యానిమేటర్ మాక్స్ ఫ్లైషర్ అందుకోసమే రోటోస్కోప్ అనే యంత్రం చేసి 1917లో పేటెంటు పొందాడు. పనికొచ్చే యంత్రమే. కానీ ఉన్నదున్నట్టు దిద్దిన నడక తరచూ చప్పగా, బరువు లేనట్టు కనిపిస్తుంది. ఫొటోలో ముఖ్యమైన కదలికా, అనవసరమైన వణుకూ సమానంగా పడతాయి, ఏది ఉంచాలో ఎంచేవాడు ఉండడు. నా మటుకు నాకు, లేచి నాలుగడుగులు వేసి స్టాప్‌వాచ్ చూసుకోవడమే మేలనిపిస్తుంది. మామూలు నడకలో అడుగుకు అర సెకను, అంటే 12 ఫ్రేములు. అలసినవాడికి ఇంకో నాలుగు కలపొచ్చు. ఆపైన వేళ్ల సందుల్లో కాగితాలు ఇరికించుకుని తిరగేస్తూ, తల ఎక్కడ దిగాలో చూసుకుంటూ, రబ్బరు అరిగేదాకా చెరపడమే.