గోడ నుంచి గోడకి 25 మీటర్లు

2024 జూన్‌లో గ్రెచెన్ వాల్ష్ అనే అమెరికా అమ్మాయి 100 మీటర్ల బటర్‌ఫ్లైని (రెండు చేతులూ ఒకేసారి ముందుకి విసురుతూ ఈదే పద్ధతి) 55.18 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు పెట్టింది. మరుసటి నెల పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో మాత్రం 55.63 దగ్గరే ఆగిపోయింది. వాళ్ల జట్టులోదే ఇంకో అమ్మాయి, టోరీ హస్కీ, 55.59తో స్వర్ణం ఎగరేసుకుపోయింది. తేడా 0.04 సెకను, రెప్పపాటు కూడా కాదు. అదే ఏడాది డిసెంబరులో బుడాపెస్ట్‌లోని దునా అరేనాలో మళ్లీ అదే 100 మీటర్లు, అదే బటర్‌ఫ్లై, అదే వాల్ష్. ఈసారి 52.71.

సెకనులో వందో వంతు కోసం ఏళ్ల తరబడి తెల్లవారుజామునే లేచి నీళ్లలో దూకే ఆటలో రెండున్నర సెకన్లు ఎక్కడినుంచి ఊడిపడ్డాయి? అయిదారు నెలల్లో ఆమె కొంత మెరుగుపడి ఉండొచ్చు. కానీ అసలు మారింది పూల్ పొడవు. ఒలింపిక్ పూల్ 50 మీటర్లు, దాన్ని లాంగ్ కోర్స్ అంటారు. బుడాపెస్ట్‌లో జరిగింది షార్ట్ కోర్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్. అక్కడ గోడకీ గోడకీ మధ్య 25 మీటర్లే.

ఈ పోటీలు 1993లో స్పెయిన్‌లోని పాల్మాలో మొదలయ్యాయి. ఇంచుమించు రెండేళ్లకోసారి జరుగుతాయి. వీటి రికార్డుల పట్టిక వేరు. అందుకే 'చిన్న పూల్ రికార్డే కదా' అని తీసిపారేసేవాళ్లు ఎక్కువ. నేనూ చాలాకాలం ఆ జాబితాలోనే ఉన్నాను. పూల్ చిన్నదైనా ఈదాల్సిన దూరం తగ్గలేదు కదా అన్న ప్రశ్న నాకు తట్టనేలేదు. పెరిగింది మలుపులు. 50 మీటర్ల పూల్‌లో 100 మీటర్లు ఈదితే ఒక్కసారి వెనక్కి తిరిగితే చాలు, ఇక్కడ మూడుసార్లు తిరగాలి. 1500 మీటర్ల రేసులో అయితే 29 మలుపులు కాస్తా 59 అవుతాయి.

మలుపు అంటే ఆగి వెనక్కి తిరగడం, కాబట్టి టైమ్ వృథా అనిపిస్తుంది. ఆటోలో యూటర్న్ తీసుకున్నట్టు. నీళ్లలో లెక్క తిరగబడుతుంది. బావిలో ఈత నేర్చుకున్నవాళ్లకి ఈ సంగతి ఒంటికి తెలుసు. చేతులు ఎంత ఆడించినా కదలని మనిషి, బావి గోడ రాళ్లకి కాళ్లు ఆనించి ఒక్క తన్ను తంతే అవతలి దరికి దాదాపు చేరిపోతాడు. నీటిని వెనక్కి నెడితే నీరు కూడా జారిపోతుంది, మన బలంలో చాలా భాగం నీటిని కలియబెట్టడానికే పోతుంది. గోడ జారిపోదు. పూల్ మొత్తంలో స్విమ్మర్‌కి దొరికే గట్టి ఆసరా అదొక్కటే. దాన్ని తన్నిన క్షణంలో వేగం సెకనుకి సుమారు 3 మీటర్లు. నీటిపైన ఈదేటప్పుడు మేటి స్విమ్మర్ల వేగం 2 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది.

మరి తన్నాక వెంటనే పైకి రాకుండా నీటికింద ఎందుకుంటారు? గోదావరిలో లాంచీ పోతుంటే చూడండి. ముందు కొస దగ్గర ఒక అల లేస్తుంది, దాని వెనక ఇంకోటి. వేగం పెరిగేకొద్దీ ఆ రెండు అలల మధ్య ఎడం పెరుగుతుంది. ఒక దశలో ఆ ఎడం లాంచీ పొడవుతో సమానమవుతుంది. అప్పుడది తను లేపిన అలల మధ్య పల్లంలో ఇరుక్కున్నట్టే. ఇంకా వేగం కావాలంటే తన అలనే తను ఎక్కాలి, ఇంజిన్ మీద భారం ఒక్కసారిగా పెరిగిపోతుంది. పొడవైన పడవకి ఈ ఇబ్బంది ఆలస్యంగా వస్తుంది, పొట్టి పడవకి తొందరగా. 2 మీటర్ల పొడవున్న వస్తువుకి లెక్క కడితే ఆ హద్దు సెకనుకి 1.77 మీటర్లు వస్తుంది. మనిషి కచ్చితంగా పడవ కాదు, చేతులు చాచితే పొడవు కాస్త పెరుగుతుంది. అయినా సెకనుకి 2 మీటర్ల వేగంతో పోయేవాళ్లు రేసంతా సొంత అల మీద ఎగబాకుతున్నట్టే.

నీటి కిందికి పోతే ఈ బాధ తగ్గుతుంది. అల లేవాలంటే నీటి ఉపరితలాన్ని కదిలించాలి కదా. మనిషి ఆకారపు బొమ్మను ప్రవాహంలో ఉంచి కొలిస్తే, వేగంగా పోయేటప్పుడు పైన ఎదురయ్యే నిరోధంలో సగానికి పైగా ఈ అలల వల్లేనని తేలింది. ఛాతీ మందానికి మూడింతల లోతుకి వెళ్తే అలల బెడద దాదాపు ఉండదు.

అయితే గోడ ఇచ్చిన ఊపు ఎక్కువసేపు నిలవదు. వేగం రెట్టింపయితే నీటి నిరోధం సుమారు నాలుగింతలవుతుంది, అంటే ఎంత వేగంగా బయల్దేరితే అంత తొందరగా అరిగిపోతుంది. అందుకే బటర్‌ఫ్లైలో మలుపు చూడాలంటే స్లో మోషన్‌లోనే చూడాలి. రెండు చేతులూ ఒకేసారి గోడకి తాకుతాయి. మోకాళ్లు పొట్టలోకి వస్తాయి, తల వెనక్కి తిరుగుతుంది, పాదాలు గోడకి ఆనతాయి. తన్నగానే ఒక అరచేతి మీద ఇంకో అరచేయి, చెవుల్ని నొక్కుతూ జబ్బలు, ఒళ్లంతా గీత గీసినట్టు. వేగం కాస్త తగ్గేదాకా ఏమీ చెయ్యకూడదు. తొందరపడి కాళ్లాడిస్తే నిరోధమే పెరుగుతుంది. ఆ తర్వాత డాల్ఫిన్ కిక్: ఛాతీ దగ్గర మొదలైన వంపు నడుం మీదుగా కాలివేళ్ల దాకా పాకి, ప్రతి విదిలింపుకీ వెనక నీటిలో ఒక సుడిని వదులుతుంది.

ఈ కిటుకుని ఎక్కువగా వాడుకుంటే ఏమవుతుందో 1988 సియోల్ ఒలింపిక్స్‌లో లోకం చూసింది. అమెరికా స్విమ్మర్ డేవిడ్ బర్కాఫ్ 100 మీటర్ల వెల్లకిల ఈతలో మొదటి 50 మీటర్లలో చాలా భాగం మునుగీతే ఈది, హీట్స్‌లో, అంటే ఫైనల్‌కి ముందు జరిగే వడపోత రేసుల్లో, 54.51తో ప్రపంచ రికార్డు కొట్టాడు. ఫైనల్లో జపాన్‌కి చెందిన డైచి సుజుకి అదే మందు అతనికే పోసి స్వర్ణం పట్టుకెళ్లాడు. నీటిపైన ఎవరూ కనబడని ఈత పోటీని ఎవరు చూస్తారు? నిర్వాహకులు హద్దు పెట్టారు. చివరికది 15 మీటర్లయింది, తర్వాత బటర్‌ఫ్లైకీ ఫ్రీస్టయిల్‌కీ కూడా వచ్చింది. లేన్ తాళ్ల మీద 15 మీటర్ల దగ్గర వేరే రంగు పూస కనిపిస్తుంది, తల అక్కడికల్లా పైకి రావాలి.

ఇప్పుడు లెక్క వేయండి. 50 మీటర్ల పూల్‌లో 100 మీటర్ల రేసుకి నీటికింద గరిష్ఠంగా 30 మీటర్లు దొరుకుతాయి. 25 మీటర్ల పూల్‌లో 60. అంటే షార్ట్ కోర్స్‌లో సగానికి పైగా రేసు మనకి సరిగా కనబడనే కనబడదు. అందుకే నా దృష్టిలో ఇది చిన్న పూల్ పోటీ కాదు, గోడల పోటీ. 2010లో దుబాయ్‌లో జరిగిన ఛాంపియన్‌షిప్‌లో అది తేలింది. ఒంటిని బిగించి తేల్చే పాలీయురేథేన్ సూట్లని ఆ ఏడాది మొదటి రోజు నుంచే నిషేధించారు. వాటితో పెట్టిన రికార్డులు ఇక కదలవని అందరూ బెంగపెట్టుకున్నారు. నిషేధం తర్వాత తొలి వ్యక్తిగత ప్రపంచ రికార్డులు ఆ 25 మీటర్ల పూల్‌లోనే, నీటికింద కిక్‌కి పేరుపడ్డ రయన్ లాక్టీ చేతిలో బద్దలయ్యాయి.

అన్ని గోడల దగ్గరా 15 మీటర్లు మునగడం అందరివల్లా కాదు. ఊపిరి బిగబట్టినప్పుడు గుండెలు మండేది ముందుగా ఆక్సిజన్ అయిపోయి కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని. మూడో గోడ దగ్గరికి వచ్చేసరికి కండరాలు ఆ వాయువుని విపరీతంగా తయారుచేస్తుంటాయి. మెదడు పైకి పొమ్మంటుంది. చాలామంది పోతారు.

'చిన్న పూల్‌లో ఎన్ని కొడితే ఏం లాభం' అనేవాళ్లు వాల్ష్ గురించి కూడా అన్నారు, బుడాపెస్ట్‌లో 7 స్వర్ణాలు, 11 ప్రపంచ రికార్డులు కొట్టాక కూడా. 2025 మేలో ఆమె 50 మీటర్ల పూల్‌లోకి దిగి అదే 100 బటర్‌ఫ్లైని ఉదయం 55.09, సాయంత్రం 54.60 సెకన్లలో ఈదింది. పెద్ద పూల్‌లో 55 సెకన్ల లోపు ఈదిన మొదటి మహిళ ఆమే. ఆ టైమ్‌కీ బుడాపెస్ట్ టైమ్‌కీ మధ్య ఇంకా 1.89 సెకన్ల తేడా ఉంది. పెద్ద పూల్‌లో ఆమెకి దొరకని గోడలు రెండు.