ఎక్స్ ఫర్ జైలోఫోన్: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎల్‌కేజీలో ఎక్స్ ఫర్ జైలోఫోన్ అని అందరం చదివినవాళ్ళమే, బొమ్మల షాపులో ఆ పేరుతో అమ్మేది చూస్తే రంగురంగుల ఇనప పలకలు, గొడవంతా అక్కడే మొదలు. జైలాన్ అంటే గ్రీకులో చెక్క. కర్రలతో కొట్టి వాయించే చెక్క పలకల వాద్యమే జైలోఫోన్, ఇనప పలకలుంటే అది గ్లాకెన్‌స్పీల్ అనే ఇంకో వాద్యం జాతి. చెక్క పలకలతోనే ఉండే మన కాష్ఠతరంగ్ వాద్యం ఉంది చూడండి, అదే జైలోఫోన్‌కి అసలు చుట్టం. నేను మారింబాలు (జైలోఫోన్ లాంటివే, కింది స్వరాలు పలికే పెద్ద చెక్క పలకల వాద్యాలు), వైబ్రాఫోన్లు (లోహపు పలకలు, మోటార్ ఉండేవి) రిపేర్ చేసి శృతి చేస్తుంటా, రోజూ వినే మాటలే ఇవి.

అపోహ: సౌండ్ పలకల కింద వేలాడే గొట్టాల్లోంచి పుడుతుంది.

కాదండీ, పుట్టేది పలకలోనే. గొట్టం అడుగు మూసి ఉంటుంది, లోపలి గాలి పొడవు ఆ స్వరం తరంగం పొడవులో పావు వంతు. అది కొత్తగా శక్తేమీ ఇవ్వదు, పలకలో ఉన్నదాన్నే గబగబా గాల్లోకి లాగేస్తుంది, అందుకే గట్టిగా మోగి తొందరగా ఆగిపోతుంది. జీతం అదే, నెలంతా కాకుండా వారంలో ఖర్చు పెట్టేసినట్టు. 5 ఆక్టేవ్‌ల (స్థాయిల) మారింబాలో అన్నిటికన్నా కింది స్వరం 65 హెర్ట్జ్ (సెకనుకి 65 కంపనాలు), దానికి దాదాపు 1.3 మీటర్ల గొట్టం కావాలి, స్టాండ్ కింద అంత చోటెక్కడిది, అందుకే వంచుతారు. ఇక ఆడియన్స్ వైపు విల్లులా కనిపించే గొట్టాల వరుస ఉంటుందే, పై స్వరాల దగ్గర ఆ పొడుగంతా షోకే, లోపల పైనే బిరడా ఉంటుంది, పనిచేసే గొట్టం అక్కడితో సరి!

అపోహ: చెక్క తీసేస్తే పలక చిన్నదవుతుంది కాబట్టి స్వరం పైకి పోతుంది.

ఎక్కడ తీశాం అన్నదే లెక్క. మధ్యలో అడుగున ఆకురాయి పెడితే పలక తేలిగ్గా వంగుతుంది, స్వరం దిగుతుంది. చివర్లలో తీస్తే బరువు తగ్గి పెరుగుతుంది. ఆ అడుగు వంపుకి ఇంకో పెద్ద పనుంది, సాదా పలకని కొడితే అసలు స్వరంతో పాటే మోగే రెండో స్వరం మొదటిదానికి 2.76 రెట్లు ఉంటుంది, దేనితోనూ కలవదు, చెవికి చిరాకు. మారింబాలో దాన్ని 4 రెట్లకి తెస్తాం, జైలోఫోన్‌లో 3కి, అందుకే ఒకే రకం చెక్కైనా ఒకటి గుమ్మంటుంది, ఇంకోటి టకటకమంటుంది. మొదట్లో ఒక రోజ్‌వుడ్ పలకని కాస్త ఎక్కువ గీకేసి, మళ్ళీ చివర్లు అరగదీసి పైకి తేవడానికి రెండు రోజులు పట్టింది నాకు.

అపోహ: పలకల్ని వేలాడదీసే తాడు పలకలో ఎక్కడ దూర్చినా ఒకటే.

చివర నుంచి దాదాపు 22 శాతం దగ్గర పలక కదలదు, తాడు అక్కడే వెళ్ళాలి. అడుగున చెక్కాక ఆ చోటు కాస్త జరుగుతుంది, అప్పుడు వంటింటి ఉప్పే దిక్కు, పలక మీద చల్లి మెల్లగా కొడుతుంటే గింజలన్నీ ఎగిరి ఎగిరి ఆ గీత మీదకే చేరతాయి.

వైబ్రాఫోన్ మోటార్ శృతిని ఊపుతుంది అనేది కూడా తప్పే, గొట్టాల నోటి దగ్గర బిళ్ళలు తిరుగుతూ మూస్తూ తెరుస్తూ ఉంటాయి, సౌండ్ పెరిగి తగ్గుతుంది, స్వరం కదలదు.