కోడలి రక్తంలో దోషమా? మాయ (ప్లాసెంటా) గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో ప్రసూతి వైద్యం చేస్తున్నాను. పాతపట్నం, కాశీనగర్ నుంచి తెలుగువాళ్లు చాలామంది వస్తారు. ఆమధ్య ఏడో నెల కోడల్ని తీసుకొచ్చిన ఒక అత్తగారు ఆర్‌ఎన్‌ఏ టెస్టుతో గుర్రపు వాతం ముందే తెలిసిపోతుందన్న వాట్సాప్ మెసేజ్ ఫోన్‌లో చూపించి, "మేడమ్‌గారూ, ఈ ఆర్‌ఎన్‌ఏ టెస్టు రాయండి. గుర్రపు వాతం మా ఇంటావంటా లేదు. ఈ పిల్ల రక్తంలోనే ఏదో ఉంది" అన్నారు. కోడలు తలెత్తలేదు.

అపోహ: దోషమంతా తల్లి రక్తానిదే.

వాస్తవం: గుర్రపు వాతం ఫిట్స్ వచ్చే దశ. దానికి ముందుది ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో ఉండగా బీపీ పెరిగే జబ్బు. తల్లికి ముందునుంచీ బీపీ, షుగర్ ఉంటే ముప్పు పెరిగే మాట నిజమే. కానీ నెలలు నిండకముందే వచ్చే రకంలో గొడవ ఎక్కువగా మాయలో మొదలవుతుంది. తొలి నెలల్లో మాయ కణాలు గర్భసంచి రక్తనాళాల్లోకి చొచ్చుకెళ్లి వాటిని వెడల్పు చేయాలి. ఆ పని సగంలో ఆగితే మాయకు రక్తం సరిగ్గా అందదు.

ఈ కణాలను అదుపు చేసేవాటిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏలు ఉన్నాయి. ఇవి కణాల్లో ఉండే బుల్లి ఆర్‌ఎన్‌ఏ ముక్కలు. ఒక్కోటి దాదాపు 22 జన్యు అక్షరాల పొడవు. ప్రోటీన్ తయారుచేయవు, ఏ జన్యువు ఎంత పనిచేయాలో చూస్తాయి. 19వ క్రోమోజోమ్ మీద వీటి పెద్ద గుంపు ఒకటుంది. మాయలో అది తండ్రి నుంచి వచ్చిన ప్రతితోనే పనిచేస్తుంది, తల్లిది మూతపడి ఉంటుంది. "అమ్మా, ఆ గుంపు మీ అబ్బాయి వైపుదే" అన్నాను. ఆవిడ ఫోన్ సంచిలో పెట్టేసుకున్నారు. అలాగని అబ్బాయిని తిట్టమని కాదు!

అపోహ: ప్రోటీన్ చేయని ఆర్‌ఎన్‌ఏ ఉత్త చెత్త.

వాస్తవం: 1993లో ఒక చిన్న పురుగులో మైక్రో ఆర్‌ఎన్‌ఏను కనుక్కున్నవాళ్లకే 2024లో నోబెల్ వచ్చింది.

అపోహ: ఆర్‌ఎన్‌ఏ టెస్టు చేస్తే ముందే తెలిసిపోతుంది.

వాస్తవం: ఇంకా అంత దూరం రాలేదు. ఆక్సిజన్ తగ్గితే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-210 పెరుగుతుంది, జబ్బుపడ్డ మాయల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కానీ ఏ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మారతాయన్నదానికి ఒక్కో పరిశోధనలో ఒక్కో జాబితా. రక్తం తీసిన ట్యూబులో కాసిని ఎర్రకణాలు పగిలినా లెక్క మారుతుంది. దాని మీద డబ్బు తగలేయకండి.

ఆ పిల్లకు జబ్బు బయటపెట్టింది బీపీ పట్టీ: 150/100. మూత్రంలో ముంచిన స్ట్రిప్ ఆకుపచ్చగా మారింది, అంటే మూత్రంలో ప్రోటీన్ పోతోంది. 20 వారాల తర్వాత బీపీ 140/90కి చేరినా, దాటినా మాకు టెన్షన్. ముప్పున్నవాళ్లకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, నెలలు నిండకముందే వచ్చే రకం సగానికి పైగా తగ్గిందని 2017లో తేలింది. డాక్టర్ రాస్తేనే వేసుకోవాలి. ఈ పిల్లకు ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ప్రసవమయ్యాక మాయను ట్రేలో తిప్పి చూశాను. చిన్నది, అక్కడక్కడా తెల్లగా గట్టిపడి వేలికి గరుగ్గా తగిలింది. తర్వాతి కాన్పుకు మూడో నెల దాటకముందే రమ్మని ఫైలు మీద తెలుగులో రాశాను. వాళ్ల ఆశా దీదీ చదవడానికి కింద ఒడియాలో కూడా.