వేసవిలో చిల్లర్ కంప్రెసర్ ఎంత వేడెక్కవచ్చు?

కంప్రెసర్ మీద చెయ్యి పెట్టి "కాలిపోతోంది" అనడం కొలత కాదు. షాపుల్లో కూల్‌డ్రింకులు, పాలు పెట్టే చిల్లర్లలో ఉండే చిన్న హెర్మెటిక్ (మోటారుతో సహా పూర్తిగా మూసేసిన) కంప్రెసర్ డొప్ప 60 నుంచి 80 డిగ్రీల దాకా వెళ్లడం మామూలే. 50 దాటితేనే చెయ్యి నిలవదు. డొప్పను పట్టుకుని కంప్రెసర్ ఆరోగ్యం చెప్పలేం. చూడాల్సింది డిశ్చార్జి పైపు, అంటే నొక్కిన గ్యాస్ కండెన్సర్‌కి వెళ్లే సన్న రాగి పైపు. కండెన్సర్ అంటే వేడిని బయటికి వదిలి గ్యాస్‌ను ద్రవంగా మార్చే కాయిల్.

కంప్రెసర్ నుంచి 15 సెంటీమీటర్ల దూరంలో ఆ పైపు ఉష్ణోగ్రత 107 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. తయారీదారు పత్రంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి. నీళ్లు మరగడానికే 100 డిగ్రీలు కావాలి కదా, 107 అంత ఎక్కువా అనిపించవచ్చు. అసలు సంగతి లోపల ఉంది. పైపు మీద 107 చూపిస్తుంటే, లోపల డిశ్చార్జి వాల్వు దగ్గర దానికంటే మరో 30, 40 డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. అక్కడ 150 దాటితే ఆయిల్ పొర పలచబడి పిస్టన్, సిలిండర్ అరుగుతాయి. 175 దగ్గర ఆయిల్ విరిగిపోయి, నల్లటి మసి వాల్వు రేకు మీద పేరుకుంటుంది. రేకు సరిగా మూసుకోదు, నొక్కిన వేడి గ్యాస్ వెనక్కి జారి మళ్లీ నొక్కబడుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. పైపు మీద 120 కనబడితే ప్రమాదంలో ఉన్నట్టు. 135 అయితే వెంటనే ఆపాలి.

కొలిచేటప్పుడు యూనిట్ కనీసం 15, 20 నిమిషాలు ఆగకుండా నడిచి ఉండాలి. క్లాంప్ ప్రోబ్ (పైపుని పట్టుకుని ఉష్ణోగ్రత చదివే క్లిప్పు) పైపుకి బిగించి, పైన ఇన్సులేషన్ ముక్క చుట్టండి. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో మెరిసే రాగి మీద కొడితే అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా తక్కువ వెలువరిస్తుంది. గన్ తప్ప వేరే దిక్కు లేకపోతే పైపుకి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి, కాసేపు ఆగి, దాని మీద చదవండి.

ఇప్పుడు చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం. ఈ రకం కంప్రెసర్లలో చాలావాటి మోటారును చల్లబరిచేది బయటి గాలి ఒక్కటే కాదు, ఇవాపరేటర్ నుంచి (చిల్లర్ లోపలి వేడిని లాక్కునే కాయిల్ నుంచి) తిరిగొచ్చే చల్లటి గ్యాస్ కూడా. అందుకే గ్యాస్ లీకై తగ్గినప్పుడు మోటారు మీద లోడు తగ్గినా కంప్రెసర్ మరింత వేడెక్కుతుంది. ఫిల్టర్ డ్రయర్ (తేమ, చెత్త పట్టే డబ్బా) చోక్ అయినా, క్యాపిలరీ (ద్రవాన్ని ఇవాపరేటర్‌కి వదిలే సన్న గొట్టం) మూసుకుపోయినా ఇదే జరుగుతుంది. వచ్చే గ్యాస్ తక్కువ, పైగా అది దారిలోనే వేడెక్కి వస్తుంది. సక్షన్ గ్యాస్, అంటే కంప్రెసర్‌లోకి తిరిగొచ్చే గ్యాస్, ఒక డిగ్రీ పెరిగితే డిశ్చార్జి కూడా దాదాపు అంతే, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పెరుగుతుంది. సక్షన్ పైపు మీద చిరిగిన ఇన్సులేషన్ను పట్టించుకోకపోవడం నిజంగా పెద్ద తప్పు.

వేడిని పెంచే రెండో కారణం పీడనాల నిష్పత్తి, అంటే గ్యాస్ నొక్కి బయటికి పంపే వైపు (హై సైడ్) పీడనాన్ని సక్షన్ వైపు పీడనంతో భాగిస్తే వచ్చేది. దీన్ని గేజ్ అంకెలతో కాదు, వాటికి వాతావరణ పీడనం 14.7 పీఎస్ఐ (పీడనం కొలమానం) కలిపి లెక్కించాలి. ఆర్134ఏ గ్యాస్ మైనస్ 10 డిగ్రీల దగ్గర మరుగుతూ, 45 దగ్గర ద్రవంగా మారుతుంటే గేజ్‌లు దాదాపు 14, 154 చూపిస్తాయి. 14.7 చొప్పున కలిపి భాగిస్తే నిష్పత్తి 6 లోపే. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండకి, దుమ్ము పట్టిన కండెన్సర్ తోడై ఆ 45 కాస్తా 55 అయితే హై సైడ్ 200 దాటుతుంది, నిష్పత్తి దాదాపు 7.5 అవుతుంది. దానికి గ్యాస్ లీకు కూడా కలిసి సక్షన్ 5 పీఎస్ఐకి పడిపోతే నిష్పత్తి దాదాపు 11 అవుతుంది. ఒక్కో లోపం విడిగా భరించగలిగేదే అయినా, రెండూ కలిస్తే ఆయిల్ నిలవదు.

కండెన్సర్ శుభ్రం చేసేటప్పుడు గాలి లోపలికి వెళ్లే దిశకి ఎదురుగా ఊదాలి, లేకపోతే దుమ్ము ఫిన్నుల మధ్యకి ఇంకా దిగుతుంది. గోడకి ఆనించి పెట్టిన చిల్లర్ తాను వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. అన్నీ శుభ్రంగా ఉన్నా హై సైడ్ ఎక్కువుంటే గ్యాస్ పైపుల్లోకి గాలి చేరిందేమో చూడాలి. యూనిట్ ఆపి, మొత్తం గది ఉష్ణోగ్రతకి వచ్చాక గేజ్ చదవండి. 35 డిగ్రీల గదిలో ఆర్134ఏ సుమారు 114 పీఎస్ఐ చూపాలి. అంతకంటే గట్టిగా పైన ఉంటే గ్యాస్ తీసేసి, వాక్యూమ్ చేసి, తూకం వేసి మళ్లీ పట్టించడమే మార్గం.

కంప్రెసర్ ఆగిపోయి, కామన్ పిన్ నుంచి స్టార్ట్, రన్ పిన్నులు రెండింటికీ మీటర్ ఓపెన్ (కలయిక లేనట్టు) చూపిస్తే వెంటనే "కాలిపోయింది" అని తేల్చకండి. స్టార్ట్, రన్ మధ్య ఓమ్స్ వస్తున్నాయంటే వైండింగ్ బాగానే ఉండి, లోపలి ఓవర్‌లోడ్ (వేడెక్కితే కరెంటు తెంచే రక్షణ స్విచ్) తెరుచుకుని ఉండే అవకాశం ఎక్కువ. అది మళ్లీ కలవడానికి గంట, ఒక్కోసారి రెండు మూడు గంటలు పడుతుంది. ఈ ఓపిక లేక మంచి కంప్రెసర్లు తుక్కులోకి పోతున్నాయి, చిన్న దుకాణదారులకి వేలల్లో ఖర్చు పడుతోంది. ఓవర్‌లోడ్ కలిసి కంప్రెసర్ మళ్లీ నడిచాక కూడా అసలు కారణం వెతకాల్సిందే.

మరీ చల్లగా ఉండటమూ రోగమే. డిశ్చార్జి పైపు కండెన్సింగ్ ఉష్ణోగ్రత కంటే 10 డిగ్రీలైనా పైన లేకపోతే, డొప్ప చెమర్చి మంచు పడుతుంటే, ద్రవం కంప్రెసర్‌లోకి వస్తోందని అనుమానించాలి. కంప్రెసర్ దగ్గర సూపర్‌హీట్ 11 నుంచి 17 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. సక్షన్ పైపు ఉష్ణోగ్రతలోంచి, సక్షన్ గేజ్‌కి సరిపోయే మరిగే ఉష్ణోగ్రత తీసేస్తే వచ్చేదే సూపర్‌హీట్. అది బాగా తక్కువుంటే ముందు ఇవాపరేటర్ ఫ్యాన్ తిరుగుతోందా, కాయిల్ ఐసు కట్టిందా, ఎక్స్‌పాన్షన్ వాల్వు (ఇవాపరేటర్‌లోకి వెళ్లే ద్రవాన్ని అదుపు చేసేది) ఉంటే దాని ఉష్ణోగ్రత పసిగట్టే బల్బు పైపుకి గట్టిగా బిగిసి ఉందా చూడండి. ఈ మూడూ సరిగా ఉన్నాయని తేలాకే వాల్వు స్క్రూ జోలికి వెళ్లాలి.