చీలమండ దగ్గర మొదలయ్యే లెక్క

"మంచం దిగిన గంటలోపు రండమ్మా. మధ్యాహ్నం వస్తే కొలతలు తీయను" అని, వాచిన కాలిని నొక్కిపట్టే కంప్రెషన్ మేజోళ్ళకు కొలతలు తీసే అమ్మాయి ఫోనులోనే ఖరాఖండిగా చెప్పింది. అందుకే మా అత్త ముందు రాత్రే పల్లె నుంచి వచ్చి శ్రీకాకుళంలో మా ఇంట్లో పడుకుంది. తెల్లవారగానే ఆటోలో తన బోదకాలు సీటు మీద చాపుకుని బయలుదేరింది. ఒక మేజోడు కోసం ఇంత హడావిడి ఎందుకని దారి పొడవునా సణుగుతూనే ఉంది.

సన్నటి రక్తనాళాల నుంచి కణజాలంలోకి నీరు ఎప్పుడూ ఊరుతూనే ఉంటుంది. ఆ ఊటను పోగుచేసి మళ్ళీ రక్తంలో కలిపేవి శోషరస నాళాలు. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇవి రోజుకు 2 నుంచి 4 లీటర్ల ద్రవాన్ని మెడ దిగువనున్న సిరల్లోకి చేరుస్తాయి. వీటి వెనుక గుండె లాంటి పెద్ద పంపు ఏదీ లేదు. నాళాల గోడలు ముడుచుకోవడం, పక్కనున్న కండరాలు నొక్కడం, వెనక్కి జారకుండా ఆపే కవాటాలు, ఇవే ఆధారం. క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఉకెరేరియా బాంక్రాఫ్టీ పురుగు సరిగ్గా ఈ నాళాల్లోనే కాపురం పెడుతుంది. నాళం ఉబ్బి, కవాటం చెడి, ఊట కిందనే నిలిచిపోతుంది. గజ్జల్లో బిళ్ళలు కట్టడం, చలిజ్వరం, ఆ పైన దిగని వాపు. మా వైపు పెద్దవాళ్ళకు బోదకాలు గురించి ఎవరూ చెప్పనక్కరలేదు. జాతీయ స్థాయిలో సామూహికంగా మాత్రలు పంచే కార్యక్రమం 2004లో మొదలైంది. అత్త కాలు అంతకన్నా పాతది. పైగా మాత్ర పురుగు సంగతి చూస్తుందే తప్ప చెడిన కవాటాన్ని బాగుచేయలేదు. వాపును అదుపులో ఉంచాల్సింది బయటి నుంచే.

రెండేళ్ళ కిందట ఆ పని నేనే చేయబోయి చెడగొట్టాను. ఒక మందుల దుకాణంలో 'పెద్ద సైజు' స్టాకింగ్ అడిగి కొనుక్కొచ్చాను. వారం తిరగకముందే దాని పై అంచు మోకాలి కింద చుట్టలు చుట్టుకుపోయి, తాడుతో బిగించినట్టు గాడి పడింది. ఒకే చోట నాలుగు పొరలు పడితే అక్కడి ఒత్తిడి నాలుగింతలవుతుంది కదా. పైకి పోవాల్సిన నీటికి నేనే ఆనకట్ట కట్టానన్నమాట.

మేజోడు వాపును దించదని, దిగిన వాపును మళ్ళీ ఎక్కనివ్వదని నాకు తెలిసింది ఆ తర్వాతే. ముందు రోజూ కట్లు కట్టి కాలిని తగ్గించాలి. అత్తకు దానికే మూడు వారాలు పట్టింది. తగ్గాక, అదీ పొద్దున్నే, కొలవాలి. సాయంత్రపు కాలికి కుట్టించిన మేజోడు ఉదయపు కాలికి వదులు.

గుండ్రటి వస్తువు చుట్టూ బిగించిన గుడ్డ ఎంత నొక్కుతుందో చెప్పేది లాప్లాస్ సూత్రం. బిగువు ఒకటే అయితే సన్నని చోట నొక్కుడు ఎక్కువ, లావు చోట తక్కువ. మామూలు కాలికి ఇది కలిసొస్తుంది. చీలమండ దగ్గర గట్టిగా, పైకి పోయేకొద్దీ నెమ్మదిగా పట్టుకుంటే ద్రవం పైకే నడుస్తుంది. బోదకాలికి ఆ అమరిక ఉండదు. చీలమండ స్తంభంలా ఉంటుంది, పైన మడతలు. అందుకే ప్రతి మెట్టులోనూ చుట్టుకొలత తెలియాలి, దానికి తగ్గట్టు బిగువు లెక్కగట్టి అల్లాలి.

ఆ అమ్మాయి అత్త పాదాన్ని కాగితం మీద పెట్టి చుట్టూ గీసింది. కాలి మీద పెన్నుతో అడ్డగీతలు పెట్టి, నేల నుంచి ఒక్కో గీత ఎత్తు రాసుకుంది. చీలమండ పైన సన్నని చోట 29.5 సెంటీమీటర్లు. పిక్క లావుగా ఉన్నచోట 43. టేపును ఒకసారి ఊరికే ఆనించి, మరోసారి కొంచెం బిగించి చూసింది. మెత్తటి చోట అది లోపలికి దిగింది, గట్టిపడిన చోట దిగలేదు. ఆ తేడాను కూడా పక్కన రాసుకుంది. పొలాల్లో గట్టు కొలిచే వాళ్ళకు కూడా ఇంత ఓపిక ఉండదని అత్త నవ్వింది.

పొందూరు ఖద్దరును నిలువునా పట్టి లాగండి, దాదాపు సాగదు. పడుగు, పేక తిన్నగా పోతాయి. బనియను సాగుతుంది, ఎందుకంటే అది ఉచ్చులుగా అల్లినది. కంప్రెషన్ మేజోళ్ళన్నీ అల్లికలే, కాకపోతే రెండు రకాలు. గొట్టంలా అల్లేదానిలో ఉచ్చుల లెక్క మొదటి నుంచి చివరి దాకా ఒకటే. అది సన్నగా, అందంగా ఉంటుంది కానీ మడతల్లోకి దిగి కోస్తుంది. చదునుగా అల్లేదానిలో వరుస వరుసకూ ఉచ్చులు పెంచుతూ, తగ్గిస్తూ, చివర వెనుక కుట్టు వేస్తారు. ముతకగా, మొండిగా ఉంటుంది. ఆ మొండితనమే కావాలి. నడిచేటప్పుడు పిక్క ఉబ్బి లొంగని గోడను తాకుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. కూర్చుంటే తగ్గుతుంది. అడుగడుగుకీ ఒక పంపు కొట్టు. మేజోడు తొడుక్కుని మంచం మీద కూర్చుంటే సగం ప్రయోజనం పోయినట్టే.

క్రమంగా తగ్గే ఒత్తిడి ఆలోచన అమెరికాలో కాన్‌రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరుకు ఈతకొలనులో తట్టింది. సిరల జబ్బుతో బాధపడే ఆయనకు నీళ్ళలో నిలబడితే కాళ్ళు తేలికయ్యేవి. లోతు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడి పెరుగుతుంది మరి. నాగావళిలో 40 సెంటీమీటర్ల లోతున నిలబడితే పాదాల దగ్గర దాదాపు 30 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి ఉంటుంది. బీపీ కొలిచే లెక్కే ఇది. వాడుకలో ఉన్న ఒక రకం మేజోడు చీలమండ దగ్గర ఇచ్చేదీ 20 నుంచి 30 మధ్యే. ఏటికి వెళ్ళిన రోజు కాలు తేలికగా ఉండేదని అత్త చాలాకాలంగా అంటోంది. నేనే పట్టించుకోలేదు.

కొలతలకు ముందు డాక్టరు పాదంలో నాడి చూశారు. ధమనులు పూడుకున్న కాలికి ఈ నొక్కుడు ప్రమాదం. గుండె, మూత్రపిండాల వల్ల వచ్చిన వాపుకు దారి వేరు. ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పిపెడితే రక్తం గడ్డకట్టిందేమో ముందు చూడాలి.

ఇప్పుడు అత్త స్నానం చేసి, వేళ్ళ సందులు తుడుచుకుని, రబ్బరు చేతితొడుగులు వేసుకుని మేజోడు ఎక్కిస్తుంది. మే నెలలో పది నిమిషాలు తిట్టుకుంటూనే. రాత్రి విప్పి, పిండకుండా ఉతికి, నీడన ఆరేస్తుంది. ఆరు నెలలకు దాని సాగుడు నీరసించింది. మళ్ళీ ఆటో, మళ్ళీ పొద్దున్నే. ఈసారి చీలమండ 28. పిక్క మాత్రం కదలకుండా 43 దగ్గరే ఉంది. అమ్మాయి ఆ అంకె కింద రెండు గీతలు గీసి, "రోజూ ఎంత దూరం నడుస్తున్నారమ్మా?" అని అడిగింది. అత్త నా వైపు చూసింది.